నామఫలకాల శాఖలో దుష్టత్వ విసర్జన

ఒక ఉద్యోగి ఒక అర్జీదారుడి మీద గమ్ము సీసా విసిరాడు. సీసా తగల్లేదు, గమ్ము మాత్రం తగిలింది. రాష్ట్ర నామఫలకాల శాఖలో సంస్కరణలన్నీ ఇలాంటి చిన్న సంఘటనల నుంచే పుట్టాయి కనుక, దీని మీద కూడా ఒక ఉన్నత స్థాయి కమిటీ వేశారు.

ఏ దుకాణం ముందు ఏ బోర్డు పెట్టాలన్నా, అందులో అక్షరాలు ఎంత ఎత్తుండాలో, ఏ రంగులో ఉండాలో నిర్ణయించి అనుమతి ఇచ్చేది ఆ శాఖ. అలాంటి శాఖలో గమ్ము ఎందుకు ఎగిరిందో కమిటీ చాలాకాలం ఆలోచించింది. చివరికి తప్పు ఉద్యోగిది కాదని, అతనిలో పేరుకుపోయిన దుష్టత్వానిదని తేల్చింది. బయటికి పోయే దారి లేక సదరు దుష్టత్వం గమ్ము సీసా రూపంలో వ్యక్తమైనదని నివేదికలో రాసింది.

దారి చూపించడానికి డాక్టర్ హయగ్రీవ్ వచ్చాడు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త. రాజధానిలో ఆయన ఉపన్యాసం వినని ఉన్నతాధికారిని ఆ రోజుల్లో కొంచెం జాలిగా చూసేవారు.

"ప్రతి మనిషిలోనూ ఒక దుష్టుడు ఉంటాడు" అన్నాడాయన వేదిక మీద. "వాడికి ఆడుకోవడానికి ఒక స్థలం ఇవ్వండి. ఇవ్వకపోతే వాడు ఆఫీసుకి వస్తాడు."

అలా 'దుష్టత్వ విసర్జన పథకం' మొదలైంది. టెండర్లు పిలిచి, అందరికంటే తక్కువ ధరకి వచ్చిన 'నల్లకోట' అనే కంప్యూటర్ ఆట కొన్నారు. మంత్రగాళ్ళు, కొమ్ముల వీరులు, మాట్లాడే రాక్షసులు ఉన్న రాజ్యం అది. ఎవరికి వారు ఒక పాత్రని తయారు చేసుకుని అందులో తిరగాలి. ఎదురైన వాళ్ళకి మేలు చేయవచ్చు, కీడూ చేయవచ్చు. ఏం చేసినా ఆట లెక్క పెడుతుంది. శాఖ ఉద్యోగులందరూ రోజూ మధ్యాహ్నం టీ తర్వాత ఆఫీసు మూసేవరకూ అందులో కీడు చేయాలని ఉత్తర్వు. లోపలి దుష్టత్వమంతా పోయిందని నిర్ధారణ అయ్యాక 'విముక్తి పత్రం' ఇస్తారు. ఆ పత్రం లేనివాళ్ళకి ప్రమోషన్ లేదు.

ఈ చివరి వాక్యం దగ్గర సీనియర్ అసిస్టెంట్ వకుళాదేవి ఆగిపోయింది.

ఆమె పనిచేసే జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంట్ కుర్చీ నెలాఖరుకి ఖాళీ కాబోతోంది. సీనియారిటీ ప్రకారం అది ఆమెది. ఆమెకి రాకపోతే త్రిలోచన్‌కి వెళుతుంది. త్రిలోచన్ ఆమె తర్వాత చేరినవాడు. నోటు ఫైలు రాయడం అతనికి ఆమే నేర్పింది. 'తగు చర్య నిమిత్తం' అనే ముక్క వాక్యంలో ఎక్కడ పెడితే ఎవరి మీదా బాధ్యత పడదో కూడా ఆమే చూపించింది. రేపు అతను గదిలోకి వస్తే తను లేచి నిలబడి "సార్" అనాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకసారి అద్దం ముందు ఆ మాట అని చూసింది. అది గొంతులో సగం దూరం వచ్చి, ఎవరి కోసమో గుర్తుకొచ్చి, వెనక్కి పోయింది.

అందుకని మొదటి రోజు ఆమె చాలా శ్రద్ధగా ఆట ముందు కూర్చుంది. కొమ్ములున్న మంత్రగత్తెని ఎంచుకుంది. ఆ కొమ్ములకి నప్పే అంగరఖా రంగు కోసం కొంత సమయం తీసుకుంది. నల్లకోట రాజ్యంలో అడుగుపెట్టగానే దారికి అడ్డంగా ఒక మేక నిలబడి ఉంది.

ఉత్తర్వుకి జతచేసిన అనుబంధంలో 'మేకను తన్నుట'ని దుష్టత్వపు కనీస ప్రమాణంగా పేర్కొన్నారు. వకుళాదేవి తన్నే మీట మీద వేలు పెట్టింది. మేక తల తిప్పి చూసింది. ఆ ఆట తయారు చేసినవాళ్ళు కోటగోడల దగ్గర, ఆకాశం దగ్గర పొదుపు చేసి మేక కళ్ళ దగ్గర మాత్రం అనవసరమైన శ్రద్ధ పెట్టారు. ఆమె మేక చుట్టూ తిరిగి ముందుకి వెళ్ళింది.

ఒక గుడిసె ముందు ముసలాయన కూర్చున్నాడు. ఆటని తెలుగులోకి మార్చిన సంస్థ ఆ రాజ్యంలోని వాళ్ళందరికీ పాత వ్యాకరణ పుస్తకంలోని భాష ఇచ్చింది.

"ఓ బాటసారీ! నా కోడి తప్పిపోయినది. ఎవ్వరును వెదకువారు లేరు" అన్నాడు ముసలాయన.

ఆ చివరి వాక్యాన్ని వకుళాదేవి రోజూ వేరే భాషలో అర్జీలు తీసుకునే కిటికీ దగ్గర వింటూనే ఉంటుంది. కాళ్ళు వాటంతటవే నడిచినట్టు, ఆమె వేళ్ళు వెళ్ళి కోడిని వెతికాయి. పొద వెనక దొరికింది. తెచ్చి ఇచ్చింది. తెర మీద బంగారు అక్షరాలు వెలిగాయి: 'మీ పుణ్యము పెరిగినది.' దాంతోపాటు శంఖం ఊదారు. ఆ శంఖానికి ధ్వని తగ్గించే ఏర్పాటు లేదు.

హాలంతా వెనక్కి తిరిగింది.

"ఆ శంఖం మీదేనేటండీ వకుళగారూ?" అంది టైపిస్టు నూకరత్నం, ఎవరో జారిపడితే అడిగినంత కంగారుగా.

మర్నాడు డిప్యూటీ డైరెక్టర్ పరాంకుశరావు సంతకంతో మెమో వచ్చింది. 'తమరు నిన్నటి దినమున విధి నిర్వహణా సమయమందు ఒక కోడిని రక్షించినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. సదరు రక్షణకు గల కారణములను, భవిష్యత్తులో పునరావృతము కాకుండుటకు తీసుకొనబోవు చర్యలను తెలియజేయవలెను.'

వకుళాదేవి సంజాయిషీ రాసింది. కోడి తనంతట తానే ఎదురొచ్చిందని రాసింది. రాస్తూ, ఇది అబద్ధం కనుక దీన్ని కూడా దుష్టత్వం కింద జమ చేయవచ్చేమోనని ఆశపడింది. చేయలేదు. కార్యాలయ ఉత్తర ప్రత్యుత్తరాలలోని అబద్ధాలు పథకం పరిధిలోకి రావు.

సలహా కోసం ఆమె నూకరత్నం దగ్గరికి వెళ్ళింది. నూకరత్నం కాస్త గట్టిగా పిలిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి. క్యారేజీలో ఆఖరి ముద్ద ఆఫీసు పిల్లికి పెడుతుంది. నల్లకోటలో ఆమె ఊళ్ళకి ఊళ్ళు తగలబెడుతోంది. టైపు చేసినట్టు ఎడమ నుంచి కుడికి, వరస అయిపోగానే కింది వరస.

"మొదటిల్లే కష్టమండీ. తర్వాత్తర్వాత చెయ్యి తిరిగిపోద్ది" అంది వినయంగా. "మరీ ఇదిగా ఉంటే ధ్వని తీసేసుకోండి. అరుపులు వినపడవు."

లెక్కల అధికారి పద్ధతి వేరు. ఆయన ఎవరినీ ముట్టుకోలేదు. రాజ్యానికంతటికీ ఉన్న ఒకే ఒక్క వంతెన పట్టుకుని, సుంకం వసూలు చేస్తూ, రసీదులు ఇస్తూ కూర్చున్నాడు. ఇచ్చిన మాట తప్పడు, పేరు పెట్టి పిలుస్తాడు, అందరికీ నమస్కారం పెడతాడు. చిల్లర లేనివాళ్ళు ఇవతలి ఒడ్డున నిలబడతారు. వరద వస్తుంది.

"నేనెవర్నీ చంపలేదండి" అన్నాడాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. "వాళ్ళు నిబంధన పాటించలేదు. అంతే."

ప్రణాళికా విభాగం వాళ్ళు ప్రజాహితం కోసం మాత్రమే చెడ్డపని చేసేవారు. రోడ్డు వెడల్పు కోసం ఒక గ్రామాన్ని భూస్థాపితం చేసి, శిథిలాల మీద చనిపోయినవాళ్ళని అభినందిస్తూ ఒక ఫలకం పెట్టారు. ఫలకంలో అక్షరాల ఎత్తు శాఖ ప్రమాణాల ప్రకారం సరిగ్గా ఉంది.

వీళ్ళందరినీ మించినవాడు త్రిలోచన్. నల్లకోటలో అతనికి ఒక చిన్న దండు ఉంది. అందులో ఒక అనాథ విలుకాడు, రాజ్యం పోగొట్టుకున్న రాకుమారి, ఒక చెవిటి మరుగుజ్జు. వాళ్ళకి వండి పెట్టేవాడు, గాయాలకి పసరు కట్టేవాడు, రాత్రి మంట దగ్గర కూర్చుని వాళ్ళ చిన్ననాటి సంగతులు వినేవాడు. అంతా అయ్యాక కోటగుమ్మం దగ్గర ముగ్గురినీ ఒకేసారి రాక్షసరాజుకి అమ్మేశాడు. డాక్టర్ హయగ్రీవ్ దీన్ని 'అంతరంగ దుష్టత్వం' అన్నాడు. అన్నిటికన్నా ఉత్తమమైన రకంగా ప్రకటించి, శిక్షణా తరగతుల్లో చూపించాడు.

"ఏముందండీ ఇందులో" అన్నాడు త్రిలోచన్, టీ గ్లాసు వకుళాదేవి బల్ల మీదే పెట్టి. "ముందు వాళ్ళ బాధలు వినాలి. మధ్యలో లేచిపోకూడదు, పూర్తిగా వినాలి. మీకది బాగా వచ్చు కదా? కిటికీ దగ్గర రోజూ చేసేదే. ఆ తర్వాత ముక్కే మీకు రాదు."

రాష్ట్రస్థాయి సమీక్ష జరిగింది. తెర మీద జిల్లాల పేర్లు వరసగా వెలిగాయి.

"మీ జిల్లా దహనాల్లో ఫర్వాలేదు. ద్రోహాల్లో బాగా వెనకబడి ఉంది" అన్నారు పైనుంచి.

"వచ్చే వారానికి ద్రోహాలు అందుకుంటాం సార్" అన్నాడు పరాంకుశరావు, అటెన్షన్‌లో నిలబడి.

పక్క జిల్లావాళ్ళు ఒక ఖండం మొత్తం నాశనం చేసి మొదటి స్థానంలోకి వచ్చారు. తర్వాత విచారిస్తే, వాళ్ళు తమ దుష్టత్వాన్ని ఊళ్ళో నెట్ సెంటరుకి గుత్తకిచ్చినట్టు తేలింది. ఉద్యోగ సంఘం రెండో శనివారం చేసిన దుష్టత్వానికి బదులు సెలవు కావాలని ధర్నా చేసింది. ఉద్యోగంలో కొత్తగా చేరిన వాళ్ళకి దుష్టత్వంలో తేలిక లక్ష్యాలు ఇవ్వాలన్న డిమాండును ప్రభుత్వం సానుభూతితో పరిశీలిస్తోంది.

ఈలోగా బోర్డులకి అనుమతుల పని ఉదయం పూటకి కుదించుకుపోయింది. ఆ ఉదయం పూట నిన్నటి దుష్టత్వానికి నివేదికలు రాయడంతో సరిపోయేది. వరండాలో జనం పెరిగారు. వాళ్ళలో పంక్చర్ షాపు గవిరయ్య అనే పెద్దాయన సంగతంతా కనుక్కుని, వకుళాదేవి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆ మేకని ఓ తన్ను తన్నేద్దురూ" అన్నాడు బతిమాలుతున్నట్టు. "మీరు తన్నితే ఆ కాయితం వస్తాదంట. మీకు కాయితం వస్తే నా బోర్డు కదుల్తాదంట. నిజం మేకేం కాదు కదమ్మా? కావాలంటే మా మేకని తోలుకొస్తాను, దాన్ని తన్నండి. అది దెబ్బలకి అలవాటు పడ్డదే."

తనలో దుష్టత్వం లేదని నమ్మడానికి వకుళాదేవికి మొదట్లో పెద్ద అభ్యంతరం లేకపోయింది. పైగా మెమోలు వస్తున్న కొద్దీ లోపల ఒక రహస్యమైన తృప్తి కూడా కలిగింది. అయితే ఆ నమ్మకం మరీ హాయిగా ఉండటమే ఆమెకి అనుమానం తెప్పించింది. మెత్తటి పరుపు మీద పడుకున్నవాడు కింద ఏముందో చూడడు. త్రిలోచన్ కంప్యూటరు ఒకరోజు మొరాయించి, అతను అమ్మేసిన వాళ్ళ లెక్కంతా తుడిచిపెట్టుకుపోయినప్పుడు, ఆమె ఒళ్ళంతా సన్నటి వెచ్చదనం పాకింది. దాన్ని ఆమె న్యాయం పట్ల అభిమానం అనుకుంది. పేరు పెట్టి పక్కన పెట్టింది. ఆమె ఉద్యోగమే పేర్లు పెట్టే శాఖలో.

మర్నాడే పరాంకుశరావు గదిలో ఇంకో సంగతి బయటపడింది.

పరాంకుశరావు పేరు చెబితే ఆఫీసులో ఫ్యాన్లు కూడా నెమ్మదిస్తాయని అనేవారు. నచ్చని ఫైలుని ఆయన వరండాలోకి విసిరితే, అది రెండో గుమ్మం దాటి పడేది. దుష్టత్వంలో ఆయన వ్యక్తిగతంగా రాష్ట్రానికే ప్రథముడు. వకుళాదేవి సంతకం కోసం తలుపు తట్టింది. పలకలేదు. తోసి లోపలికి వెళ్ళింది. ఆయన చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెరలోకి వంగి ఉన్నాడు. తెర మీద తాటిచెట్టంత రాక్షసుడు, నిప్పులు చిమ్మే కొమ్ములతో, మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న ముంతతో వంగమొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. పక్కన ఒక గుడ్డి ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

వకుళాదేవి నీడ బల్ల మీద పడేసరికి ఆయన ఉలిక్కిపడి లేచాడు. హెడ్‌ఫోన్ల తీగ ఊడింది. గది నిండా శంఖం మోగింది.

"తలుపు... తలుపు వేసెయ్యండి వకుళగారూ" అన్నాడు. ఆయన గొంతులో '-గారూ' అన్నది ఆమె వినడం అదే మొదటిసారి.

ఆమె తలుపు వేసింది. ఆయన కూర్చోమన్నాడు. అది కూడా మొదటిసారే. ఆ తర్వాత, గట్టుకి గండి పడ్డట్టు, అంతా చెప్పేశాడు. తన పేరున ఉన్న దుష్టత్వం తనది కాదు. మొదటిరోజే ఆ మేక దగ్గర ఆయన చెయ్యీ ఆడలేదు. పాస్‌వర్డు త్రిలోచన్‌కి ఇచ్చేశాడు. ఇద్దరి దుష్టత్వమూ త్రిలోచనే చేస్తున్నాడు. తను మాత్రం లెక్కలోకి రాని అతిథి ఖాతా ఒకటి తెరుచుకుని, దొంగతనంగా ఈ తోటకి వస్తున్నాడు.

"ఆవిడకి కళ్ళు కనపడవండీ. నా కొమ్ములు తెలీవు. అడుగుల చప్పుడు వినగానే 'వచ్చితివా నాయనా' అంటుంది" అన్నాడు. "ఇంట్లో నేను వచ్చిన చప్పుడైతే టీవీ ఆపేసి ఎవరి గదుల్లోకి వాళ్ళు పోతారండీ. ఆఫీసులో సంగతి మీకు తెలుసు. నన్ను నాయనా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ ముసలమ్మ కంప్యూటర్లో బొమ్మ అని నాకూ తెలుసు. తెలిసీ వెళ్తున్నాను. మీకు నవ్వొస్తోందా?"

"లేదు సార్" అంది వకుళాదేవి. నిజంగానే రాలేదు.

"మీ కోడి మెమో మీద సంతకం పెట్టాక నేరుగా ఈ తోటకే వచ్చానండీ" అన్నాడాయన. "కానీ ఈ సూపరింటెండెంటు విషయంలో నేనేం చెయ్యలేను. నా గుట్టు త్రిలోచన్ గుప్పిట్లో ఉంది. అతని పేరే పంపాలి. మీకు అన్యాయమే. ఏమనుకోకండి."

ఏమీ అనుకోనని వకుళాదేవి చెప్పింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్య ఒక స్నేహం పెరిగింది. సంతకాల నెపంతో ఆమె రోజూ ఆయన గదికి వెళ్ళేది. ఆయన ఎదురుచూసేవాడు. వంగమొక్కలకి పురుగు పట్టిందని బాధపడేవాడు. బూడిద చల్లమని ఆమె చెప్పింది. ఆటలో బూడిదకి కొదవ లేదు, నూకరత్నం తగలబెట్టిన ఊళ్ళు పక్కనే ఉన్నాయి. ఆయన తన తండ్రి గురించి చెప్పాడు, చిన్నప్పుడు బెత్తంతో కొట్టి ఏడవకూడదన్న తండ్రి గురించి. ఆమె మధ్యలో లేవకుండా విన్నది. పూర్తిగా విన్నది.

నెలాఖరున రాష్ట్ర విముక్తి కమిటీ వచ్చింది. అధ్యక్షులు ప్రధాన పరిశీలకులు అనంతశయనం గారు. ఆయన మంచినీళ్ళు అడిగినా ఉత్తర్వు చదివినట్టుండేది. పక్కన డాక్టర్ హయగ్రీవ్. హాల్లో పెద్ద తెర కట్టారు. సిబ్బంది అంతా గోడల వెంట నిలబడ్డారు. త్రిలోచన్ పరీక్ష ముందే అయిపోయింది, చప్పట్లు కూడా అయిపోయాయి.

వకుళాదేవి పెద్ద తెర ముందు కూర్చుంది. ఎదురుగా మేక.

"అభ్యర్థిని ప్రారంభించవచ్చును" అన్నారు అనంతశయనం గారు.

ఆమె వేలు మీట మీద పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. మేక దగ్గరికి వచ్చి ఆమె మంత్రగత్తె అంగరఖా అంచు నమలడం మొదలుపెట్టింది. ఎక్కడి నుంచో శంఖం మోగింది. మేకకి మేత పెట్టడం పుణ్యమట.

"ఈమెలో దుష్టత్వం కనిపించడం లేదు" అన్నాడు హయగ్రీవ్, రోగం దొరకని వైద్యుడిలా చిరాకుపడుతూ.

"లేదనే రాసి పత్రం ఇచ్చేయొచ్చు కదా సార్?" అంది నూకరత్నం గోడ దగ్గర్నుంచి, తనకే వినపడనంత మెల్లగా. కాని హాలు నిశ్శబ్దంగా ఉంది.

అనంతశయనం గారు ఆమె వైపు చూడకుండా సమాధానం ఇచ్చారు. "విముక్తి పత్రమనగా దుష్టత్వము తొలగింపబడినదని ధ్రువీకరించుట. లేనిదానిని తొలగించుట సాధ్యము కాదు. తొలగించని దానిని తొలగించితిమని వ్రాసినచో ఆడిట్ అభ్యంతరము వచ్చును. కావున దుష్టత్వము లేనివారు దుష్టత్వ విముక్తులు కాజాలరు."

"ముందు సంపాదించుకుని, తర్వాత పోగొట్టుకోవాలి" అని వివరించాడు హయగ్రీవ్.

"అభ్యర్థిని అనర్హురాలు. సీనియారిటీలో తదుపరి వారు త్రిలోచన్ గారు" అని అనంతశయనం గారు కలం తీశారు. త్రిలోచన్ గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకి వేసి, ఎందుకో కాలరు సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం వకుళాదేవి చూసింది.

"ఒక్క మాట సార్" అంది.

ఆ తర్వాత ఆమె చెప్పిన మాటలు ముందుగా అనుకున్నవి కావు. అయినా అవి ఎప్పటినుంచో లోపల వరసలో నిలబడి ఉన్నట్టు, ఒకదాన్నొకటి తోసుకోకుండా, శుభ్రంగా బయటికి వచ్చాయి. డిప్యూటీ డైరెక్టర్ గారి దుష్టత్వం ఆయనది కాదని చెప్పింది. అది ఎవరిదో చెప్పింది. అతిథి ఖాతా గురించి, వంగతోట గురించి, ముంత గురించి చెప్పింది. తలుపు ఎప్పుడెప్పుడు వేసి ఉంటుందో కూడా చెప్పింది.

పరాంకుశరావు ఖండించలేదు. ఆమెకేసి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

హయగ్రీవ్ కుర్చీలోంచి లేచిపోయాడు. "ఆగండాగండి! ఇది మీకు ఆయనే చెప్పారా?"

"ఆయనే చెప్పారండి."

"నమ్మి చెప్పారా?"

"నమ్మే చెప్పారు."

"ఆయన బాధలు విన్నారా?"

"విన్నానండి."

"పూర్తిగా?"

"పూర్తిగా. ఇంట్లో ఆయన్ని ఎవరూ నాయనా అనరని కూడా" అంది వకుళాదేవి. హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. తర్వాత మరికొందరు నవ్వారు. పరాంకుశరావుకి భయపడి దాచుకున్న నవ్వులన్నీ ఒక్కసారే బయటికి వచ్చాయి.

"అంతరంగ దుష్టత్వం!" అన్నాడు హయగ్రీవ్. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఆట లేకుండా, సాధనం లేకుండా! బతికున్న మనిషి మీద! అధ్యక్షా, దేశం మొత్తం మీద ఇలాంటి ఫలితం ఇంతవరకూ లేదు. ఇంతకాలం మేకని తన్నకుండా ఈమె అంతా దీని కోసమే కూడబెట్టింది."

అలా కాదని చెప్పడానికి వకుళాదేవి నోరు తెరిచింది. అనంతశయనం గారు అప్పటికే సంతకం పెడుతున్నారు. 'సదరు ఉద్యోగిని యందలి దుష్టత్వము కమిటీ సమక్షమున సంపూర్ణముగా విసర్జింపబడినది.' ఆమె తెరిచిన నోరు మూసుకుంది.

మిగతావన్నీ చకచకా జరిగిపోయాయి. కార్యాలయ సమయంలో అనధికార పుణ్యార్జన చేసినందుకు పరాంకుశరావుని పదవి నుంచి తప్పించి, విచారణ పూర్తయ్యేవరకూ జిల్లా దాటి పోకూడదన్నారు. ఇతరుల దుష్టత్వాన్ని తన చేతులతో చేసినందుకు త్రిలోచన్ పత్రం రద్దయింది. రెండింతలు పనిచేసినవాడికి ఇదేం న్యాయమని సంఘం అరిచింది. త్రిలోచన్ మాత్రం అరవలేదు. మర్నాడు వకుళాదేవి కొత్త గదిలోకి వస్తుంటే అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు.

"నమస్తే మేడం" అన్నాడు. "ఆ తర్వాత ముక్క మీకు రాదన్నాను. క్షమించండి." అతని గొంతులో ఎగతాళి కోసం ఆమె వెతికింది. లేదు. ఒకే విద్య తెలిసిన ఇద్దరి మధ్య ఉండే గౌరవం ఉంది. అది ఎగతాళి కంటే ఎక్కువగా గుచ్చుకుంది. అయినా ఆ "మేడం" చెవికి బాగానే ఉంది.

వారం తిరక్కుండా పరాంకుశరావు వచ్చాడు. వరండాలో గవిరయ్య పక్కన నిలబడి, తన వంతు వచ్చాక లోపలికి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ లేదు. ఆమె బల్లకి ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆయన నిలబడే ఉన్నాడు. ఆమె కూర్చోమనలేదు. అనకూడదని అనుకోలేదు. ఊరికే అనలేదు, అంతే.

"నా ఎంక్వైరీ గురించి రాలేదండీ" అన్నాడాయన. "అది ఎలా జరిగేది అలా జరుగుతుంది. అతిథి ఖాతాలన్నీ మూసేశారు కదా. తెరిచే అధికారం సూపరింటెండెంటుకే ఉందంటున్నారు. నాకు ఇవ్వక్కర్లేదు. ఎవరో ఒకరు రోజుకోసారి లోపలికెళ్ళి... ఆ మొక్కలు నీళ్ళు లేకపోతే నిజంగానే ఎండిపోతాయండీ, ఆట వాళ్ళు అలా పెట్టారు. ఆవిడ అరుగు మీదే కూర్చుని ఉంటుంది. ఎవరొచ్చినా ఆవిడకి తేడా తెలీదు. మీరైనా ఫర్వాలేదు."

వకుళాదేవి కంప్యూటరు ఆమె చేతి పక్కనే వెలుగుతోంది. రెండు మీటలు నొక్కితే తోట తెరుచుకుంటుంది. నీళ్ళు పోస్తే శంఖం మోగుతుంది. విముక్తి పత్రం పొందినవాళ్ళ గదిలో శంఖం మోగితే ఏమవుతుందో ఉత్తర్వులో స్పష్టంగా లేదు. స్పష్టంగా లేని చోట ఏం చేయాలో మాత్రం ఆమెకి తెలుసు.

"ఒక అర్జీ పెట్టుకోండి. పరిశీలిస్తాం" అంది.

ఆ మాటకి అర్థం ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉద్యోగమంతా దాన్ని అటువైపు కూర్చుని అన్నవాడు.

"బాగా పలికిందండీ" అన్నాడు. మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. "నాకు ఇంత తొందరగా పట్టుబడలేదు."

తర్వాత బల్ల మీది దొంతరలోంచి ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నాడు. గోడకి ఆనించి రాయబోయి, జేబు తడుముకున్నాడు. రెండో జేబు కూడా తడుముకున్నాడు. వకుళాదేవి వైపు తిరిగాడు.

ఆమె తన కలానికి మూత పెట్టి, సొరుగులో వేసి, సొరుగు నెమ్మదిగా లోపలికి తోసింది.